అల్లుడుగారి గెంతుల శిక్షణ

మా ఆడబిడ్డ కానిస్టేబుల్ సెలెక్షన్ పరుగుకు తయారవుతున్న ఏడాది మా ఇంట్లో ఒక కోచ్ దిగాడు. ఎవరో కాదు, మా అత్తగారి పెద్దల్లుడు. మెడలో విజిల్, ముందుకు పొట్ట. ఆ మనిషి పరుగెత్తగా నేను చూసింది ఒక్కసారే, కోటగిరి బస్సు వెనక. అదీ అందలేదు.

నిజామాబాద్‌లో ఏదో గ్రౌండులో, పరుగు నేర్చే పిల్లలు పెట్టెల మీదికి ఎగిరి దూకడం చూసి వచ్చాడట. అలా దూకితే కాళ్లకు స్ప్రింగు బలం వస్తుందని, పరుగులో అడుగు నేలకు తగలగానే లేస్తుందని చెప్పాడు. ఆ మాట అబద్ధమని నేననను. కానీ వాళ్లు ఎంత ఎత్తు నుంచి దూకారో, ఎలాంటి నేల మీద దూకారో, మధ్యలో ఎన్నాళ్లు ఆగారో ఈయన అడిగితేనా! బండి దగ్గర చాయ్ తాగుతూ చూసిన చదువు.

మా వాకిట్లో ధర కోసం ఆపిన వడ్ల బస్తాలున్నాయి. వాటిని మెట్లలా పేర్పించాడు. పిల్ల ఎగిరి పైకెక్కాలి, మళ్లీ సిమెంటు వాకిట్లోకి దూకాలి. రోజూ అదే. కాస్త అలవాటైందనుకోగానే ఇంకో బస్తా పైకెక్కించేవాడు. తాను మాత్రం మంచం దిగకుండా విజిల్ ఊదేవాడు.

కాలువ కట్ట మీద లేడిలా పరుగెత్తే పిల్ల, కొన్నాళ్లకు మోకాలి కింద ఎముక పట్టుకుని కుంటడం మొదలుపెట్టింది. సెలెక్షన్ చూస్తే దగ్గరికొచ్చింది.

"వదినా, గిట్లయితే ఉరుకుడు కాదు, నడుసుడే కష్టం. బావకు నువ్వన్న చెప్పరాదు?" అంది.

అత్తగారితో అన్నాను. "అల్లునికి ఎదురు చెప్తరా ఎవరన్న? అలిగిపోయిండంటె నా పెద్దబిడ్డ మొకం ఎట్ల సూడాలె?" అని నా నోరు మూయించింది.

అల్లుడికి ఎదురు చెప్పకూడదు, సరే. వడ్లు అమ్మకూడదని ఎవరూ అనలేదు కదా. మా ఆయన అన్నం తింటుంటే పక్కన కూర్చున్నాను.

"ఇగ ధర ఏం రాదు గని, వడ్లు తోలెయ్యి."

"గదేంది, నిన్నటిదాక ఆపుమన్నది నువ్వే గద?"

"గా బస్తాలు ఇంట్ల ఉన్నన్ని దినాలు నీ చెల్లె కాళ్లు బాగుగావు."

ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కుని ట్రాక్టరు మాట్లాడటానికి వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు తెచ్చాడు. ధర తక్కువే పలికింది.

కోచ్‌గారు నిద్ర లేచేసరికి వాకిలి ఖాళీ. "బస్తాలు లేకుంటె ప్రోగ్రాం ఎట్ల నడుస్తది?" అని మండిపడి, విజిల్ జేబులో వేసుకుని, చాయ్ తాగి మరీ అలిగి పోయాడు.

పిల్ల కాళ్లకు విశ్రాంతి దొరికింది. నొప్పి తగ్గాక కట్ట మీద మెల్లగా పరుగు మొదలుపెట్టింది. దున్నిన మెత్తటి మడిలో చిన్నచిన్నగా గెంతేది, అదీ రోజు విడిచి రోజు. సెలెక్షన్ పరుగులో పాసైంది.

కబురందగానే అల్లుడుగారు అలక మరిచి దిగాడు. కోడికూర తింటూ, "నా బస్తాల పవర్ చూసిన్రా? మీ వాడకట్టు పోరగాండ్లందర్ని నా తాన పంపున్రి" అన్నాడు.

ఆడబిడ్డ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. "పవర్ మస్తుంది బావా. బస్తాలు పోంగనే వచ్చింది."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అల్లుడుగారికి అర్థం కాలేదు. ఇంకో ముక్క వేయమన్నాడు.