బసవన్న మూతి కోసం ఫ్రాన్సు సంతకు

మీరెవరన్నా ఫ్రాన్సు పల్లెలకు పోతే ఊరగాయ మాత్రం చేతిసంచిలో పెట్టుకోబాకండి. మా ఆయన మాట విని నేను చెడిపోయినా.

మా ఆయన ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. యాగంటి బసవన్నను చూసి మతిపోయిన ఫ్రాన్సు ఆమె ఒకామె మా కొట్టానికొచ్చి, "మా తోటలో అట్లాంటిది చెక్కియ్యాల" అని పట్టుబట్టింది. టికెట్లు ఆమెవే. "నా పెండ్లాం రాకుంటే నేను రాను" అన్న్యాడు ఈయప్ప. ప్రేమ అనుకునేరు! ఆడ బువ్వ ఎవరు వండుతారని భయం.

సాయంత్రం ఆళ్లగడ్డలో బస్సెక్కితే గంటకు నంద్యాల, ఆడ రైలెక్కితే తెల్లారేసరికి బెంగుళూరు. "పెద్దపెట్టెలో పెడితే పగులుతాది" అని ఊరగాయ జాడీ, కారంపొడి నా చేతిసంచిలో పెట్టించినాడు. విమానం కాడ తనిఖీ పిల్ల రెండూ పీకి పక్కన పెట్టేసింది. పారిస్‌లో దిగి, మూడుగంటలు రైల్లో పోయి, ఆమె కారులో ఊరు చేరినాం. ఊరంటే ముప్పై ఇండ్లు, ఒక చర్చి. కుక్క గూడా పర్మిషన్ అడిగి మొరిగేటట్లుంది.

ఇంగ సప్పిడి కూడు మొదలు. రొట్టెకేమో సుత్తి కావాల, జున్నుకేమో ముక్కు మూసుకోవాల. నెల తిరిగేసరికి బసవన్నకు ఒళ్లంతా వచ్చింది, మూతి ఒకటే మిగిలింది. ఈయప్ప ఉలి కింద పెట్టేసినాడు.

"నా నోటికే రుచి లేదు, బసవన్నకు నోరెట్లా చెక్కేది? రేపు సంతలో కారం దొరక్కుంటే ఇంటికి పోదాం."

మూతి లేని బసవన్నను ఇడిసిపెట్టి వచ్చినాడని తెలిస్తే ఆళ్లగడ్డలో తలకాయ యాడ పెట్టుకోవాల?

శనివారం పొద్దున ఎనిమిదింటికి పక్కూరి సంతకు బస్సెక్కినాం. మనిషికి రెండు యూరోలు, మన దుడ్లల్లో రెండునూర్లు. ఎక్కిన ప్రతొక్కరూ డ్రైవరుకు "బోంజూర్" అని వాళ్ల నమస్కారం చెప్తాండారు. "ఈయప్పకు శానామంది చుట్టాలుండారే" అన్న్యాడు మా ఆయన. బుట్ట పట్టుకున్న ముసలాయన ఒకాయన మాకూ చెప్పినాడు. మేం తలూపి ఊరుకున్న్యాం.

చర్చి ముందర బయల్లో సంత. గుడారాల కింద తేనె, జున్ను, తలకాయలతోనే పడుకున్న కోళ్లు. అరుపుల్లేవు, కేకల్లేవు, పెండ్లిచూపులంత నెమ్మది. ఒక ముసలామె అంగట్లో ఎర్రగా మిరపకాయల దండ! నా కండ్లలో నీళ్లు తిరిగినాయి.

"ఇదెంత?" అని వేలు చూపిస్తి. ఆమె నా తట్టే చూళ్లేదు. గట్టిగా అడిగితి. ఊహూ. చెయ్యి ఊరుకోక, బీన్సుకాయ పుటుక్కున విరిచి లేతదేనా అని చూస్తి. ఆమె కెవ్వుమని కాయ లాక్కుంది.

"పదమే, పెట్టె సర్దుకుందాం" అన్న్యాడు ఈయప్ప.

అప్పుడొచ్చినాడు బస్సులో ముసలాయన. టోపీ తీసి ఆమెకు "బోంజూర్ మదాం" అన్న్యాడు. ఆమె మొగం విచ్చుకుంది. ఆయన నా తట్టు తిరిగి, నువ్వూ చెప్పమని గడ్డం ఎగరేసినాడు. ఓరి దేవుడా, ఇంతేనా! మన సంతలో దండాలు పెట్టుకుంటా ఎవరు నిలబడతారు? "ఎంత" అంటాం, "అంతా?" అంటాం, అయిపాయ.

"బోంజూర్ మదాం" అంటిమి ఇద్దరం, బడిపిల్లోళ్ల మాదిరి. ఆమె నవ్వి, దండ తూచి ఇచ్చింది. పైన కొత్తిమీర మాదిరి ఆకు గుప్పెడు ఊరికే పడేసింది. కొసరు! అడక్కుండా కొసరేసిన మనిషిని ఆళ్లగడ్డ సంతలో నేను పుట్టి బుద్ధెరిగినాక చూళ్లేదు.

మిరపకాయ, తెల్లగడ్డ, ఉప్పు రాతి మింద ఆయన సుత్తితోనే నూరితి. ఈయప్ప తిన్న్యాడు, ముక్కు తుడుచుకున్న్యాడు, ఉలి పట్టుకున్న్యాడు. బసవన్నకు మూతి వచ్చింది, నెమరేస్తా నవ్వుకుంటాన్నట్లు. నాకైతే ఏడుపొచ్చింది.

తిరుగుదారిలో నంద్యాల బస్సులో కండక్టరు అడిగినాడు, "ఫ్రాన్సులో ఏం చూసినారప్పా?"

"సంత."

"సంత చూసేకి అంత దూరమా!"

ఆళ్లగడ్డలో దిగితే ఆపొద్దు సంతే. మా ఆయన నేరుగా మిరపకాయలామె ముందర నిలబడి రెండు చేతులూ జోడించినాడు. "నమస్కారం తల్లీ, బాగుండావా?"

ఆమె ఆయన వెనకాల జనం ఉండారేమోనని తొంగిచూసింది. "ఏందప్పా, ఓట్లొచ్చినాయా?"

"లేదు తల్లీ, మిరపకాయలు."

ఆమె కడుపుబ్బ నవ్వి, తూచి, పైన కొత్తిమీర కట్ట సంచిలో పడేసింది. నేనింకా అడగనే లేదు.