హారతి పళ్లెం కింద పట్టా

కైకలూరు దగ్గర మా బావగారు రొయ్యలు పెంచుతారు. రొయ్య పిల్లల్ని చెరువులో వదిలేముందు కొన్నాళ్లు ఉంచే తొట్టికి తెల్లటి ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. ఆ పట్టా చీలి, నీళ్లు ఇంకిపోయి, ఒక విడత పిల్లలన్నీ చచ్చాయి. రెండో విడత వారంలో రావాలి. మళ్లీ చీలితే ఈసారికి పంట లేనట్టే.

"ఎవరి కళ్లో పడ్డాయండీ," అన్నారు బావగారు.

"నా కళ్లతో కూడా ఓసారి చూస్తానండీ," అన్నాను.

"మీ కళ్లు పడితే గట్లు కూడా మిగలవు!"

చీలికలు తొట్టి పొడుగునా సమాన దూరంలో ఉన్నాయి. దిష్టి కొలబద్ద పెట్టుకుని తగులుతుందా? తయారుచేసినవాడి మోసమేనని తేల్చేశాను. చీలిన ముక్కనూ మంచి ముక్కనూ వట్లూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీకి తెచ్చాను.

మా ల్యాబ్‌లో ధ్రువిత కాంతి మైక్రోస్కోపు ఉంది. కాంతిని ఒకే దిశలో కంపించేలా వడగట్టే పలక కింద ఒకటి, దానికి అడ్డంగా పైన ఇంకొకటి. మధ్యలో ఏమీ పెట్టకపోతే చీకటే. మంచి ముక్క సన్నటి ఇసుకలా మెరిసింది. చీలిన అంచు పెట్టగానే పెద్ద పెద్ద పువ్వులు! ఒక్కోదాని మీద నల్లటి కూడిక గుర్తు. ముక్కను తిప్పితే పువ్వులు తిరిగాయి, గుర్తులు మాత్రం అలాగే నిలబడ్డాయి. ఎంతసేపు తిప్పానో! పగుళ్లన్నీ పువ్వుల మధ్య సందుల్లోంచే పాకాయి.

ప్లాస్టిక్ కరిగి నెమ్మదిగా చల్లారితే స్ఫటికాలు అలా పెద్దవై, పెళుసెక్కుతుంది. తయారీలో తప్పయితే పట్టా అంతా అలాగే ఉండాలి కదా. పట్టాకి ఎక్కడైనా వేడి తగిలిందా అని అక్కకు ఫోన్ చేశాను.

"మడత విప్పకముందే హారతిచ్చానురా. పళ్లెం దాని మీదే పెట్టాను, కర్పూరం కొండెక్కేదాకా. విప్పేటప్పుడు కాస్త అతుక్కుంటే లాగాం."

మడతల్లో ప్రతి పొరకూ ఆ వేడే తగిలిందన్నమాట, అందుకే చీలికల మధ్య ఆ సమాన దూరం. నా మొదటి తీర్పు తప్పని తేలింది. రెండోదాన్నయినా ఊరికే నమ్మకూడదు. రుజువు అడిగేవాడు ముందు తన మాటకు రుజువు చూపాలి. మంచి ముక్కను మడిచి, దాని మీద పళ్లెం పెట్టి కర్పూరం వెలిగించాను.

"మైక్రోస్కోపుకి దిష్టి తీస్తున్నారా మాస్టారూ?" అన్నాడు ల్యాబ్ అసిస్టెంటు నవ్వాపుకోలేక.

చల్లారాక చూస్తే అవే పువ్వులు, అవే నల్ల గుర్తులు.

కొత్త పట్టా వచ్చింది. "హారతి మాత్రం మాననురా. పళ్లెం ఇటుక మీద పెడతాలే," అంది అక్క.

పిల్లల్ని వదిలారు. నీళ్లు నిలిచాయి. బావగారే ఫోన్ చేశారు.

"చూశారా! ఈసారి మీ అక్క దిష్టి సరిగ్గా తీసిందండీ!"