చిన్న గేరు నేర్పిన మేస్త్రి గారు

మొన్న బుధవారం పొద్దున్న కళ్ళంలో కొబ్బరికాయలు ఒలిపిస్తుంటే సెల్ మోగింది. మేస్త్రి గారి అల్లుడు. మావయ్యగారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారని చెప్పి, ఇంకో మాట కూడా చెప్పాడు. వరద తీసి రెండు రోజులే అయింది, మావయ్యగారి ఇల్లున్న ఏటిలంకలో దారంతా ఒండ్రు, ఏటి ఒడ్డున దహనాలు చేసే చోటు ఇంకా నీళ్ళలోనే ఉంది. గట్టు ఎక్కించి, తారు రోడ్డున ఊరి శ్మశానానికి తీసుకెళ్ళాలి. మోసేవాళ్ళు ఆ బురదలో నిలబడలేరు, మీ బండి తప్ప ఇంకేదీ రాదు అన్నాడు. వస్తున్నానన్నాను గాని, తాళంచెవి చేతిలో పట్టుకుని చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాను.

ఆయన పేరు మా ప్రాంతంలో సగం మందికి తెలియదు. మేస్త్రి గారంటే చాలు. వయసులో ఉండగా మిలటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చి, ఏటిగట్టు దిగువన లంకలో, ఇంటి పక్కనే తాటాకు పాకలో మెకానిక్ షెడ్డు పెట్టుకున్నారు. ఆయిల్ ఇంజన్ల నుంచి జీపుల దాకా అన్నీ చూసేవారు. ఎప్పుడు చూసినా తెల్ల లుంగీయే. గ్రీజులో పనిచేసే మనిషికి తెల్లదేమిటండీ అంటే, మరక ఎక్కడ పడిందో తెలియాలి కదండీ అనేవారు. షెడ్డుకి ఎవరొచ్చినా ముందు బండి టైర్లు చూసేవారు, తరవాత మనిషి మొహం చూసేవారు.

నేను తొంభైల చివర కువైట్ నుంచి వచ్చేశాను. ఆరేళ్ళు అక్కడ నీళ్ళ ట్యాంకరు తోలాను. ఎడారిలో బండి నడిపిన మొనగాణ్ణని ఊరంతా చెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే, ఆ ఆరేళ్ళూ నేను తారు దిగలేదు. ఇసకని అద్దంలోంచి చూడ్డమే. ఈ ముక్క నలుగురిలో ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. మేస్త్రి గారు మాత్రం మొదటి రోజే కనిపెట్టేశారు.

ఇక ఇక్కడే ఉండిపోవాలని నా కోరిక. లంకలో కోసిన కాయ ఇసకా బురదా దాటి గట్టెక్కాలి, అక్కణ్ణించి తారు రోడ్డున అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి చేరాలి. మధ్యలో దింపకుండా, మళ్ళీ ఎత్తకుండా రెండు దారులూ నడిచే బండి ఉంటే పనికి కొదవుండదు. ఏదో కంపెనీవాళ్ళు వాడి అమ్మేసిన ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు ఒకటి దొరికితే, తెచ్చిన డబ్బంతా దాని మీద పెట్టేశాను. మామూలు గేరు పక్కన దానికి ఇంకో చిన్న గేరు ఉంటుంది. అది వేస్తే ముందు చక్రాలకి కూడా ఇంజను బలం అందుతుంది. డ్రైవరు మోకాలి దగ్గర ఒక పిడి ఉంటుంది. అది లాగితే వెనక చక్రాలు రెండూ ఒకదానితో ఒకటి బిగుసుకుంటాయి. దాన్ని లాకు అంటారు. మేస్త్రి గారు తాళం అనేవారు.

"ఈ బండి నడిస్తే మీరుంటారు. నడవకపోతే మళ్ళీ పాస్‌పోర్టు తీస్తారు. అంతే కదండీ?" అంది మా ఆవిడ. అంతే అన్నాను. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. నేనెవరో ఇంకా పూర్తిగా నమ్మక, నన్ను చూస్తే తలుపు చాటుకి పోయేది.

బండిని ఇంటికి తెచ్చిన రోజు నేను చేసిన ఘనకార్యం వినండి. రెండు చక్రాల కన్నా నాలుగు చక్రాలు బలం కదా అని, రాజమండ్రి నుంచి మా ఊరి దాకా ఎండిన తారు మీద చిన్న గేరు వేసే నడిపాను. మలుపు వచ్చినప్పుడల్లా ఎవరో వెనక్కి గుంజుతున్నట్టు మొరాయించింది. టైర్లు కీచుమన్నాయి. కొత్త కాబట్టి అలాగే ఉంటుందిలే అనుకున్నాను, పాత బండి అన్న సంగతే మర్చిపోయి. మా వీధిలోకి తిరిగేసరికి గేరు బయటికి రానంది. రెండు చేతులా లాగాను. తన్నాను. సుత్తి తెచ్చాను. జనం పోగయ్యారు. ఎవరో వెళ్ళి మేస్త్రి గారిని పిలుచుకొచ్చారు.

ఆయన టైర్లు చూశారు, నా చేతిలో సుత్తి చూశారు, నా మొహం చూశారు.

"సుత్తి ఇంట్లో పెట్టేయండి. బండెక్కి, తిన్నగా ఒక్క బారెడు వెనక్కి రండి."

వచ్చాను. అంతసేపూ నన్ను ఏడిపించిన గేరు వేలితో నెడితే జారిపోయింది. "బిగుసుకున్నప్పుడు ముందుకి లాగకండి. కాస్త వెనక్కొస్తే అదే వదుల్తాది," అన్నారు.

ఎందుకలా బిగుసుకుందని అడిగితే నోటితో చెప్పలేదు. మా పెరట్లో కొబ్బరి రాశి ఉంది. ఒక వెదురుబొంగు తెప్పించి, ఒక చివర నన్నూ ఇంకో చివర మా ఆవిణ్ణీ పట్టుకోమని, పక్కపక్కనే నడుస్తూ రాశి చుట్టూ తిరిగి రమ్మన్నారు. ఇరుగుపొరుగు గోడ మీంచి చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. రాశి వైపు ఉన్న మా ఆవిడ నింపాదిగా అడుగులేస్తే, బయటివైపు ఉన్న నేను ఇంచుమించు పరిగెత్తాల్సి వచ్చింది. ఈసారి ఇద్దరూ సరిసమానంగా అడుగులెయ్యండి అన్నారు. వేస్తే వెదురు మెలితిరిగి నా చేతిలోంచి ఊడిపోయింది.

మా ఆవిడ ఆగిపోయింది. "అంటే, తిరిగేటప్పుడు ఒకళ్ళు తక్కువా ఒకళ్ళు ఎక్కువా నడవాలి. ఇద్దర్నీ ఒక్కలాగే నడవమంటే మధ్యనున్నది విరుగుతాది. అంతేనా బాబాయిగారూ?"

"ఆయ్. అమ్మాయికి తెలిసిపోయింది. ఇక మీకు ఆవిడే చెప్తారండి," అని కండువా దులుపుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం షెడ్డుకెళ్ళి మేస్త్రి గారిని అడిగొచ్చి, ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ నాకు నిజంగానే చెప్పింది. కుడి ఎడమ చక్రాల మధ్య, ఎవరి నడక వాళ్ళు నడిచే ఏర్పాటు బండిలోనే ఉంటుంది. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికన్నా ఎక్కువ దూరం నడవాలి, కానీ ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య మా బండిలో అలాంటిది లేదు. చిన్న గేరు వేస్తే ముందూ వెనకా ఒకే లెక్కన తిరగాల్సిందే. ఇసకలో, బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. ఎండు తారు జారనివ్వదు. అందుకని లోపలి ఇనుము మెలితిరుగుతుంది. అందుకే చిన్న గేరు జారే నేల మీదే వెయ్యాలి, తారు ఎక్కే ముందు తీసెయ్యాలి. కువైట్ మొనగాడికి ఇది పప్పన్నం తింటూ తెలిసింది.

మర్నాడు మేస్త్రి గారొచ్చి, తాళం పిడిని కొబ్బరితాడుతో గట్టిగా కట్టేశారు. దీని జోలికి రాకండి, అవసరమైన రోజు నేనే విప్పుతాను అన్నారు. ఆ తరవాత నెల్లాళ్ళు లంకలో నాకు నడక నేర్పారు. బండి నడపడం కాదు, నడక. చెప్పులు విప్పి బండికి ముందు ఆయన నడిచేవారు. నేలని మడమతో నొక్కి చూసేవారు. మెత్తగా ఉంటే పక్కకి జరిగేవారు. ఆయన అడుగు పడ్డచోటే నా చక్రం పడాలి. చక్రం ఊరికే గిర్రున తిరిగిందా, చెయ్యెత్తేవారు. తిరిగితే బండి నడుస్తున్నట్టు కాదండీ, గొయ్యి తవ్వుతున్నట్టు అనేవారు. నాకు ఒళ్ళు మండేది. అరవై దాటిన మనిషి ఎండలో అలా నడుస్తుంటే ఏం అనగలను?

వానలు మొదలయ్యాక ఒకరోజు ఆయన లేకుండా వెళ్ళాను. నిండా కాయ. వెనక ఎడమ చక్రం బురదగుంటలో పడింది. అది ఉత్తినే తిరుగుతోంది, గట్టి నేల మీదున్న కుడి చక్రం కదలదు. ఉన్న బలమంతా తేలిగ్గా తిరిగే చక్రానికే పోతుంది మరి. తాళం వేస్తే రెండూ కలిసి తిరుగుతాయి. కత్తి తీసి తాడు కోసేశాను. పిడి లాగాను. బండి ఒక్క ఊపున బయటికొచ్చింది. ఆనందం పట్టలేక ఈల వేశాను. ఆ ఈలలో తాళం తియ్యడం మర్చిపోయాను. గట్టి నేల మీద మలుపొచ్చింది. స్టీరింగు తిప్పితే బండి తిరగలేదు. వెనక చక్రాలు రెండూ ఒక్కటిగా తోసుకుంటూ తిన్నగా అరటితోటలోకి తీసుకుపోయాయి. వెనక ఇరుసు విరిగింది.

ఇంటికొచ్చి బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాను. మా ఆవిడ దాన్ని ఒకసారి చూసి, నా బట్టల పెట్టె దించి దుమ్ము దులిపింది. అదే భరించలేకపోయాను.

సాయంత్రం మేస్త్రి గారొచ్చారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా అని అడిగారు. బల్ల వైపు చూశారు. కోసిన తాడు ముక్కలు జేబులోంచి తీసి పాస్‌పోర్టు పక్కన పెట్టారు.

"తాళం వెయ్యడం ఎవరైనా వేస్తారండి. తియ్యడం గుర్తుండాలి. ఇరుసుకి పది రోజులు పడతాది. నాతో పాటు బండి కింద పడుకోండి. పది రోజులయ్యాక కూడా వెళ్ళాలనిపిస్తే, నేనే వచ్చి బస్సెక్కిస్తాను."

పది రోజులు ఇద్దరం బండి కిందే ఉన్నాం. ప్రతి పళ్ళచక్రం నా చేత్తోనే తీయించారు, నా చేత్తోనే పెట్టించారు. బండి లేచిన రోజు తాడు మళ్ళీ కడతారేమోనని చూశాను. కట్టలేదు. ఇక అక్కర్లేదండి అన్నారు. నా జీవితంలో అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు నాకెవరూ ఇవ్వలేదు. ఆ పాస్‌పోర్టు గడువు ఎప్పుడు తీరిపోయిందో కూడా నేను చూసుకోలేదు. మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్మీడియట్. తలుపు చాటు నుంచి ఎప్పుడో బయటికొచ్చి, లంకకి వెళ్తే నా పక్క సీట్లో కూర్చుంటుంది. ఇదంతా ఆయన పెట్టిన భిక్షే, దాచుకోవడమెందుకు.

బుధవారం మధ్యాహ్నం లంకలోకి వెళ్ళాక, ముందు నేను చెప్పులు విప్పాను. వాకిట్లోంచి గట్టు దాకా ఆ దారంతా మడమతో నొక్కుకుంటూ నడిచి వచ్చాను. తరవాత పాడె ఎక్కించుకున్నాం. చిన్న గేరు వేసి, నిదానంగా, ఒక్కచోట కూడా చక్రం ఉత్తినే తిరగనివ్వకుండా తీసుకొచ్చాను. తాళం అవసరం రాలేదు. ఆయన వెనకుండగా దాన్ని ముట్టుకోవాలనిపించలేదు కూడా. అమ్మగారు, అంటే మేస్త్రి గారి భార్య, మిగతా ఆడవాళ్ళు బురదలో వెనకే నడిచి గట్టు దాకా వచ్చారు.

గట్టు ఎక్కే చోట దారి వాలు మీంచి నేరుగా తారులోకి మలుపు తిరుగుతుంది. వాలులో ఆపితే బండి జారుతుంది. అందుకని చిన్న గేరుతోనే ఎక్కి, తిరిగి, ఆపాను. దింపుడు కళ్ళం అక్కడే అన్నారు పెద్దలు. పాడె దించారు. అల్లుడు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలిచాడు. ఆయన పలకలేదు. మళ్ళీ బండిలోకి ఎత్తారు.

చిన్న గేరు తియ్యబోయాను. రాలేదు. మలుపులో బిగుసుకుపోయింది. నా చెయ్యి దానంతటదే రివర్సు మీదికి వెళ్ళింది.

"వెనక్కి రాకూడదయ్యా," అన్నాడు ముందు నడుస్తున్న పెద్దాయన. "ఇంట్లోంచి కదిలిన శవం వెనక్కి రాకూడదు. అలాగే లాగించెయ్."

అలాగే లాగించొచ్చు. శ్మశానం ఎంతో దూరం లేదు. కానీ ఆయన్ని ఎక్కించుకుని, ఆయన మొదటి రోజు వద్దన్న పనే ఎలా చెయ్యను? ఇంజను ఆపకుండా కిటికీలోంచి వెనక్కి చూశాను. అమ్మగారు గట్టు అంచున, తారుకీ బురదకీ మధ్యన నిలబడి ఉన్నారు. ఆవిడకి విషయం అర్థమైనట్టుంది. నలభై ఏళ్ళు ఆ షెడ్డు పక్కనే వంట చేసిన మనిషి.

"రానివ్వండి," అన్నారావిడ. "ఒక్క బారెడే కదా."

పెద్దాయన పక్కకి తప్పుకున్నాడు. తిన్నగా వెనక్కి వచ్చాను. చిన్న గేరు వేలికి జారి వచ్చేసింది. అద్దంలో చూస్తే, మేస్త్రి గారు ఇంటి వైపుకి ఒక్క బారెడు వచ్చి ఆగారు. అమ్మగారు చెయ్యి చాచి బండి వెనక తలుపు మీద ఆనించారు. ఆవిడ ఆ చెయ్యి తీసేదాకా నేను బ్రేకు మీంచి కాలు తియ్యలేదు.