పెదవికి అంటుకునే వైపు

ప్లాస్టిక్ షీటు ఎక్కడ కనిపించినా ముద్దు పెట్టుకోకుండా ఉండలేరు మాస్టారు.

అది ప్రేమ కాదు, పరీక్ష. ఇంక్‌జెట్ ప్రింటరులో వెండి సిరా పోసి, చవక ప్లాస్టిక్ షీట్ల మీద యాంటెన్నాలు అచ్చువేయడం ఆయన పని. షీటుకి పూత ఒకవైపే ఉంటుంది. ఆ వైపు తడి పెదవికి అంటుకుంటుంది. పొరపాటున రెండోవైపు అచ్చువేస్తే సిరా పూసలు పూసలుగా విడిపోతుంది.

ఈ సంగతి ఆయన దగ్గర పనిచేసే ల్యాబ్ అసిస్టెంటమ్మాయికి తెలుసు, లోకానికేం తెలుసు? స్టేషనరీ కొట్లో ఆయన వరసగా పది షీట్లు ముద్దు పెట్టుకుంటుంటే, కొట్టతను లోపలికి తిరిగి "ఏమేవ్, ఆయనొచ్చాడు, తొందరగా రా!" అని భార్యను కేకేశాడు. ఆస్పత్రిలో తన ఎక్స్‌రే ఫిల్మును ముద్దు పెట్టుకుంటే, "అంత బెంగెందుకండీ, చిన్న బెణుకే" అని డాక్టరు ఓదార్చాడు.

మూడు నెలలుగా షీట్లు సిరా ఆరబెట్టే వేడికి ముడుచుకుపోతూనే ఉన్నాయి. అమ్మాయికి విసుగొచ్చింది.

"బీరువానిండా మంచి సర్క్యూట్ బోర్డులున్నాయి కదా సార్! వాటిమీద చేస్తే ఒక్కపూట పని."

"బోర్డు బరువమ్మాయ్. గోడకి మేకు కొట్టాలి."

"కొడితే ఏమవుతుంది?"

"అమ్మో, మేకు మాత్రం వద్దు!" అంటూ ఇంకో షీటు ముద్దు పెట్టుకున్నారు.

ఆమె దిగులు వేరు. కాలు విరిగిన నాన్న అద్దెగదిలో మంచం మీద ఉన్నాడు. సిగ్నలందక ఫోను కిటికీ దగ్గర తప్ప పలకదు, ఆయన కిటికీ దాకా రాలేడు. పొద్దున వదిలివస్తే సాయంత్రం దాకా ఆమె ప్రాణం గుప్పిట్లోనే. చివరికి రాజీనామా రాసి సంచిలో పెట్టుకుని వచ్చింది. తీరా కాగితం బయటికి తీసి చూస్తే మాస్టారు సీట్లో లేరు.

పదకొండింటికి ఫోను మోగింది. నాన్న!

"తల్లీ, ఎవరో పెద్దమనిషి వచ్చి మన కిటికీని ముద్దు పెట్టుకుని వెళ్ళాడే! మంచివాడేనంటావా?"

"నాన్నా! నువ్వు... మంచం మీంచేనా మాట్లాడేది?"

"ఆఁ. కిటికీ అద్దానికి వెండి సీతాకోకచిలుక లాంటిదేదో అంటించాడు. తీగ లాగి నా తలగడ పక్కన చిన్న పెట్టె పెట్టాడు. ఇంటి ఓనరు గుడ్లురుముతూ వచ్చాడా, గోడంతా తడిమి చూశాడు. ఒక్క మేకూ లేదు. గొణుక్కుంటూ పోయాడు."

'నాన్న మంచం దగ్గర ఫోను పలకదు, ఏదైనా బిగిద్దామంటే మా ఓనరు గోడకి మేకు కొట్టనివ్వడు సార్' అని ఎప్పుడో ఒక్కసారి మాటవరసకు అంది. అప్పుడూ ఆయన షీటు మీదే ఉన్నారు, వినలేదనుకుంది.

ఇంతలో మాస్టారు చెమట తుడుచుకుంటూ వచ్చారు.

"మా ఇంటికి వెళ్ళారా సార్?"

"పరీక్షించాలి కదమ్మాయ్. ఏ బ్యాండునీ వదలట్లేదు, అన్నీ పట్టేస్తోంది!" కళ్ళు ఆమె చేతిలోని కాగితం మీద పడ్డాయి. "అదేం షీటు? ఇలా ఇవ్వు."

"కాగితం సార్. పనికిరాదు" అంటూ నాలుగు ముక్కలు చేసింది.

"అయితే ఈ కట్ట చూడు. నా పెదాలు పగిలిపోయాయి."

ఆమె మనసులోనే ఆయనకో దండం పెట్టుకుంది. అటూ ఇటూ చూసి, పై షీటు తీసి పెదవికి ఆనించింది.

అంటుకుంది.