గిటారు లోపల ఎర్ర చుక్క

ఫోన్లు బాగుచేసే ఆవిడకి ఓపిక ఎక్కువని వీధంతా చెప్పుకుంటారు. నువ్వుగింజంత స్క్రూలని పట్టకారుతో తీసి వరసగా పేర్చగలదు. కానీ ఆ ఓపికంతా కొట్టు షట్టరు దించేదాకానే. ఇంట్లో అడుగుపెడితే మొగుడి గిటారు, రోజూ వచ్చే తమ్ముడి గిటారు. ఆ రెండింటి గొడవతో ఆవిడ బుర్ర వాచిపోయేది.

మొగుడూ తమ్ముడూ ఒకే బ్యాండులో వాయించేవారు. ఒకే దుకాణంలో, ఒకే రోజున, ఒకే నీలం రంగు ఎలక్ట్రిక్ గిటార్లు కొన్నారు. చూసేవాళ్ళకి అవి కవలలు. వీళ్ళకి మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. తన గిటారు మెడ మీద చెయ్యి వెన్నలా జారుతుందనీ, బావమరిదిది రోకలిబండనీ మొగుడి వాదన. బావ గిటారు పికప్పులు, అంటే తీగల మోతని పట్టే అయస్కాంతాలు, రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసినట్టు మోగుతాయని తమ్ముడి వెక్కిరింపు. అన్నం దగ్గరా ఇదే, బస్సులోనూ ఇదే. ఏది తియ్యగా ఉందో చెప్పమని మధ్యలో ఈవిడ ప్రాణం తీసేవారు. ఆవిడ చెవికి రెండూ ఒకటే. ఆ మాట అంటే ఇద్దరూ ఆవిడకేసి జాలిగా చూసేవారు. వాళ్ళిద్దరూ ఏకమయ్యేది అప్పుడొక్కసారే.

చివరికి ఒక ఆదివారం కళ్ళకి తువ్వాళ్ళు కట్టుకుని మరీ పరీక్ష పెట్టుకున్నారు. గిటార్లు మార్చుకోవడం, వాయించడం, మళ్ళీ మార్చుకోవడం. ఆవిడ టీ తెచ్చేసరికి పరీక్ష కాస్తా కొట్లాటైంది.

"గిటారు కాదు బావా, నీ చెవులే మొద్దు" అన్నాడు తమ్ముడు.

"నిన్ను బ్యాండులోకి తెచ్చింది ఈ మొద్దు చెవులేరా" అన్నాడు మొగుడు.

తమ్ముడు తువ్వాలు విసిరికొట్టి, గిటారు సంచిలో కుక్కుకుని, టీ ముట్టకుండా వెళ్ళిపోయాడు. బ్యాండు మానేశాడు. అక్క ఫోన్ చేస్తే ఎత్తుతాడు, ఇంటికి రమ్మంటే పనుందంటాడు. చంకనేసుకుని తిరిగిన తమ్ముడు తన గడప తొక్కకపోతే ఆవిడకి ముద్ద దిగడంలేదు. మొగుడితో అంటే, వాణ్ణే రమ్మను అంటాడు కిటికీలోంచి బయటికి చూస్తూ. ఇద్దరినీ చెరో చెవీ పట్టుకుని ఒకచోట కూర్చోబెట్టాలనిపించేది.

నెలలు గడిచాయి. ఒకరోజు మొగుడు కొత్త పికప్పు కొనుక్కొచ్చాడు. ఈమధ్య తన గిటారు మెడ చేతికి మరీ హాయిగా ఉందనీ, ఇక మోత కూడా పెంచితే బావమరిది ఎక్కడున్నా వినపడుతుందనీ చెప్పి, బిగించిపెట్టమన్నాడు. ఒళ్ళు మండిపోయినా, ఆవిడ సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి గిటారు మూత విప్పింది.

లోపల ఒక వైరు అతుకు మీద గోళ్ళరంగు, ఎర్రగా, చిన్న చుక్క.

తను అతికినచోట చుక్క పెట్టడం కొట్టులో ఆవిడ అలవాటు. బాగుచేసిన ఫోను మళ్ళీ వస్తే తన చేతి పనేనా కాదా తెలియడానికి. ఫోన్లు సరే, ఇంతకుముందు ఆవిడ విప్పిన గిటారు ఒక్కటే. అది తమ్ముడిది.

"ఇది మీది కాదు, వాడిది. కళ్ళకి గంతలు కట్టుకున్న రోజే మారిపోయాయి."

మొగుడు ముందు ఒప్పుకోలేదు. తనదానికీ ఎప్పుడో చుక్క పెట్టి మరిచిపోయి ఉంటావన్నాడు. ఆవిడ చూసిన చూపుకి నోరు మూసుకుని గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. బొటనవేలితో మెడ వెనక తడిమాడు. అక్కడ ఒకచోట పాలిష్ అరిగి నున్నబడింది. ఇన్నాళ్ళూ హాయిగా ఉందని మురిసిపోయింది ఆ చోటికే.

"ఇది వాడి వేలు అరగదీసింది" అన్నాడు మెల్లగా.

ఆవిడ ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, ఆయన ముందుకి తోసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్, నీ గిటారు నా దగ్గరుంది."

"తెలుసు బావా. ఇంటికొచ్చి వాయించగానే తెలిసింది."

"మరి చెప్పవేంరా?"

"చెబితే ఎవరితోనో పంపించేసేవాడివి. నీది నా దగ్గరుంటే ఎప్పటికైనా నువ్వే వస్తావనుకున్నా."

ఆవిడకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నెలల తరబడి తన ప్రాణం తోడేసినందుకు ఇద్దరినీ కలిపి తిట్టి, తమ్ముణ్ణి ఉన్నపళంగా రమ్మంది.

వాడు వచ్చాడు. ఎవరి గిటారు వాళ్ళ చేతికొచ్చింది. ఆవిడ వంటింట్లోంచి వచ్చేలోపే, ఇంతకీ ఏ మెడ నున్నగా ఉందన్న వాదన అందుకున్నారు. ఆవిడ రెండు టీ గ్లాసులూ ఠక్కున బల్ల మీద పెట్టింది. తాగేదాకా ఒక్క తీగ మోగినా, రెండు గిటార్లూ కొట్టుకి పట్టుకెళ్ళి ముక్కలుముక్కలుగా విప్పేస్తానంది.

తమ్ముడే ముందు గ్లాసు అందుకున్నాడు.