చికోరి వేరు

మా బాబాయి ఇరవై ఆరేళ్లు కాఫీపొడి కొట్లో చికోరి వేయించాడు. ఎండిన వేరుముక్కలను ఇనుప డ్రమ్ములో పోసి తిప్పేవాడు. మూత దగ్గర ముక్కు పెట్టి, ఎండుగడ్డి వాసన పోయి పంచదార మాడుతున్న వాసన మొదలవగానే జల్లెట్లోకి వంచేసేవాడు. ఒక్క నిమిషం ఆలస్యమైతే బొగ్గే. ఆ నిమిషాన్ని పసిగట్టడమే ఆయన చదువూ, ఆస్తీ.

ఇంత పనితనానికీ దక్కిన బిరుదు కల్తీ. కొనేవాళ్లు ఆయన ఎదుటే, "చికోరి కలపలేదు కదా?" అని దొంగను నిలదీసినట్టు అడిగేవారు.

ఇంతలో ఎదురుగా 'స్వచ్ఛమైన కాఫీ' అంటూ కొత్త కొట్టు వెలిసింది. మా యజమాని కంగారుపడ్డాడు.

"ఇక మనమూ కలపం. కావాలన్నవాళ్లకి చికోరి విడిగా ఇద్దాం. నెలాఖరుదాకా చూస్తా. అమ్ముడుపోకపోతే డ్రమ్ము తీసేస్తా. నువ్వూ కాస్త విశ్రాంతి తీసుకోవచ్చు," అన్నాడు బాబాయితో.

మనిషిని సాగనంపడానికి విశ్రాంతి ఎంత మర్యాదైన మాట!

అదే కొట్లో కౌంటరు దగ్గర ఉండేది నేనే కాబట్టి బోర్డు రాసే పని నాకు పడింది. పెద్ద అక్షరాలతో రాశాను: 'కాఫీపొడి. చికోరి వేరు.' వేరు అంటే విడిగా అని నా ఉద్దేశం.

మర్నాడు రిటైరైన టీచరమ్మ ఒకావిడ బోర్డు ముందు ఆగింది.

"ఏమయ్యా, ఈ వేరు దేనికి మంచిది?"

బాబాయి తెల్లమొహం వేశాడు. "కాఫీకండీ."

"కాఫీకి కాదయ్యా, ఒంటికి!"

బాబాయి నావైపు చూశాడు. లైబ్రరీలో మూలికల పుస్తకమొకటి తిరగేసి ఉన్నాను. చెప్పాను. పూర్వం ఆకలి పుట్టడానికీ, కాలేయానికీ దీంతో కషాయం కాచేవారనీ, వేరులో ఉండే ఇన్యులిన్ అనే పీచు మలబద్ధకాన్ని తగ్గిస్తుందనీ, కాఫీలా నిద్ర చెడగొట్టదనీ, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగాలనీ. చివరి ముక్క ఆవిడ చెవికెక్కలేదు.

వారం తిరిగేసరికి జనం బారులు తీరారు. కల్తీ అన్న నోళ్లే అవన్నీ. "డాక్టరుగారూ, పొద్దున్నే సాఫీగా కావట్లేదు," అని ఒకాయన బాబాయి చెవిలో ఊదాడు. బాబాయి సిగ్గుపడుతూ పొట్లం చేతిలో పెట్టాడు.

"డ్రమ్ము ఎక్కడికీ పోదురా," అన్నాడు నాతో, చాలా రోజులకి నవ్వుతూ.

టీచరమ్మ మళ్లీ వచ్చింది. "ఇంత నల్లగా మాడ్చారు, ఇంకా గుణం మిగిలుంటుందా?"

తెలిసింది కక్కకపోతే నాకు తోచదు. "వేయిస్తే ఇన్యులిన్ చాలామటుకు పోతుందండీ," అన్నాను.

"అయితే వేయించనిదే ఇవ్వండి."

యజమాని విననే విన్నాడు. సాయంత్రానికి 'వేయించని' అన్న మాట బోర్డు మీద నాచేతే చేర్పించాడు. నెలాఖరుకి డ్రమ్ము పాత ఇనుములోకి పోయింది. బాబాయి నన్ను తిడితే బాగుండేది.

ఆయన్ని మాత్రం పంపలేదు. డాక్టరుగారు లేకపోతే ఎలా? ఉతికిన చొక్కా తొడిగించి, నా పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టారు.

"వేయించింది మంచిదా, వేయించనిదా?" అని రోజుకి పదిమంది అడుగుతారు.

"వేయించనిదేనండీ. వేయిస్తే సారం పోతుంది," అంటాడు బాబాయి.

జన్మంతా వేయించిన మనిషి చెబుతున్నాడు కదా, అందరూ నమ్ముతున్నారు.