ఆయిల్ ఎంత?

మా ఆయనకి ఇద్దరు పెళ్లాలు. పెద్దదాన్ని నేను. చిన్నది టర్బో ఇంజను కారు. చిన్నదాని ఒంట్లో వేడి ఎంతుందో చూసే ఉద్యోగం పెద్దదానిది.

నీళ్ల వేడి చూపే ముల్లు కారుతోపాటే వచ్చింది, స్టీరింగు వెనక ఆయన కళ్లెదుటే ఉంటుంది. ఆయిల్ వేడి చెప్పే అంకెల మీటరు మాత్రం విడిగా కొని, వేరే చోటు లేక నా సీటు ముందు బిగించాడు. అరకు ఘాట్ రోడ్డులో మలుపుల మీంచి చూపు తిప్పకూడదు కదా! అందుకని మలుపుకోసారి "ఆయిల్ ఎంతే?" అని ఆయన అరవడం, నేను అంకె చెప్పడం. ఎనభై డిగ్రీలు దాటేదాకా గట్టిగా తొక్కడు. నూట ముప్ఫై దాటితే బండి పక్కకి తీసేస్తాడు. "నీళ్లు అయిదు నిమిషాల్లో వేడెక్కిపోతాయే, నూనెకి ఇరవై పడతాది. నీళ్లని నమ్మితే ఇంజను మటాషే" అని పాఠం చెప్పేవాడు. బళ్లో పిల్లలకి ఎక్కాలు చెప్పుకునేదాన్ని, ఆ పాఠం కూడా బుద్ధిగా నేర్చుకున్నాను.

ఓ చలికాలం నాన్న పాచిపెంట నుంచి అరకులో ఉన్న మమ్మల్ని చూడ్డానికొచ్చాడు. నాన్నకి అల్లుడంటే దేవుడే. అల్లుడు కూర్చుంటేగాని తను కూర్చోడు, ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. మా ఇళ్లలో అంతే. మూడోరోజు పొద్దున్న టీ గ్లాసు నాన్న చేతిలోంచి జారిపోయింది. మూతి ఓ పక్కకి లాగేసింది.

పక్కింటి నర్సమ్మ పరుగున వచ్చి చూసి, "పక్షవాతం. బేగి కిందికి పెద్దాసుపత్రికి తీసుకుపోండి, ఒక్క నిమిషం ఆగకండి" అంది. అంబులెన్సుకి ఫోను చేద్దామంటే మా ఆయన నవ్వాడు. "మన బండి కంటే అది ముందెల్తాదేటి?"

నాన్నని వెనక సీట్లో పడుకోబెట్టాం. ఇంజను స్టార్టయింది, బండి కదల్లేదు.

"ఆయిల్ ఎంతే?"

"పన్నెండు. కదలండి, మీకు దణ్ణం పెడతాను!"

"సలి ఇంజనుని తొక్కితే పోద్ది. దారిలో ఆగిపోతే మీ నాన్ననెవుడు మోత్తాడు?"

వెనకనుంచి నాన్న నత్తినత్తిగా, "ఊరుకో అమ్మీ... బాబుకి తెలుసు... బండికేటీ అవకూడదు" అన్నాడు. నాన్న నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

కదిలాక కూడా పెళ్లి ఊరేగింపే. దిగుడు దారిలో ఇంజనుకి పనేముంటుంది, నూనె వేడెక్కడానికి? "ఎంతే?" "నలభై ఆరు." "ఎంతే?" "యాభై ఒకటి." కేబేజీ మూటల ఆటో ఒకటి హారన్ కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయింది.

ఛీ, నా నోరు పడిపోనూ! అడిగినప్పుడల్లా నిజమే చెప్పాను. "ఎనభై" అని ఒక్క మాటంటే గాల్లో తీసుకుపోయేవాడు. నాకు తోచలేదు. అయిదేళ్ల అలవాటు కదా, అంకె కనబడగానే నోరు దానంతటదే చెప్పేసింది.

ఆసుపత్రి గుమ్మంలో నాన్నని దింపాక, టర్బో చల్లారాలని ఇంజను ఆపకుండా రెండు నిమిషాలు బండిలోనే కూర్చున్నాడు మహానుభావుడు. స్ట్రెచరు నేనే తోశాను. "కాస్త ముందు తెచ్చుంటే మందు పనిచేసేది" అన్నాడు డాక్టరు. నాన్నకి కుడిపక్క, మాట రెండూ పోయాయి. ఇప్పటికీ అల్లుడు కనబడితే ఎడంచేత్తో దణ్ణం పెడతాడు.

మొన్న వేసవిలో ఇద్దరం కిందనుంచి అరకు ఎక్కుతున్నాం. వెనకనుంచి ఓ కొత్త కారు మమ్మల్ని దాటేసరికి మా ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఆయిల్ ఎంతే?"

మీటరు మీద నూట నలభై రెండు. ఆయన ముందున్న నీళ్ల ముల్లు మాత్రం ఎప్పట్లాగే మధ్యలో ఉంది.

"తొంభై ఎనిమిది" అన్నాను.

తొక్కాడు. మళ్లీ అడిగాడు. నూట యాభై మూడు.

"నూట రెండు."

ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు మోత మొదలైంది. రెండు మలుపులు తిరిగేసరికి బిగుసుకుపోయింది. ఆయన రోడ్డు మీదే కూలబడి, "సరిగ్గానే సూసినావా?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "చూశాను" అన్నాను. జాలి కలగలేదు, నాకు హాయిగా ఉంది.

ఇంటికొచ్చి తలుపేసుకున్నాక మాత్రం ఏడుపు ఆగలేదు. ఇంత తేలిగ్గా నోటికొచ్చే అబద్ధం, నాన్న వెనక సీట్లో ఉన్న రోజు ఎందుకు రాలేదే నాకు!